టాపు లేపే కారు... పాట పాడేముందు జాగ్రత్త!

రెండే సీట్లు. మీట నొక్కితే చాలు, పైకప్పు మడతపడి వెనక్కి వెళ్లిపోతుంది. చలికాలం పొద్దున్నే కైకలూరు దారిలో వెళ్తుంటే నెత్తిమీదుగా ఎగిరే పెలికాన్లు... కొత్తదైతే కొనలేం కానీ వేలంలో పాతది చవగ్గా దొరుకుతుందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు! అయితే, వేలంలో కారు పాడుకోవడానికి పట్టేది నిమిషాలే. దాన్ని పేరుమీదకు మార్చుకుని, కొల్లేటి వానలకు తడవకుండా కాపాడుకోవడమే అసలు పని.

పాత ముచ్చటే!

టాపులేని బండిమీద మోజు కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తాడేపల్లిగూడెంలో విమానాలకోసం రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని జీపుల్ని దేశంలో చాలాచోట్ల అమ్మేశారు. వాటికే 'డిస్పోజల్ జీపులు' అని పేరు. 1985లో మారుతి జిప్సీ వచ్చాక ఆ మోజు దానిమీదకు మళ్లింది. సైన్యం వాడి పక్కన పెట్టిన జిప్సీలూ వేలానికి వచ్చేవే. వీటితో ఓ సుఖం ఉంది. గుడ్డ టాపు చిరిగితే రెక్సిన్ పనివాళ్లు కొలత తీసుకుని కుట్టేస్తారు.

స్పోర్ట్స్ కారుకి అలా కుదరదు. టాపు, వెనక అద్దం, రబ్బరు పట్టీలు అన్నీ ఆ మోడల్‌కి సరిపోయేవే కావాలి. విదేశీ కారైతే చాలాసార్లు బయటి నుంచే తెప్పించాలి. మనదేశంలోనే తయారైనది కావాలంటే 1990ల చివర్లో గోవా నుంచి వచ్చిన 'శాన్ స్టార్మ్' ఉంది. దాని బాడీ ఫైబర్‌గ్లాస్‌ది కాబట్టి తుప్పు పట్టదు. అయితే తయారైనవే తక్కువ. విడిభాగాలకోసం వెతుక్కోక తప్పదు.

నీళ్లే అసలు శత్రువు

టాపు మీద పడిన వాన నీరు సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోతుంది. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీళ్లు కారు లోపలే నిలుస్తాయి. 2002లో వచ్చిన మొదటితరం బీఎండబ్ల్యూ జెడ్4లో టాపుని నడిపే మోటారు కిందిభాగంలోనే ఉంటుంది. గొట్టం పూడుకుంటే అది నీళ్లలో నానిపోతుంది. వేలంలో కారుని చూసేటప్పుడు టాపు పూర్తిగా తెరుచుకుని, మూసుకుంటోందో లేదో చూడాలన్నది అందుకే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. ఇలా వరదల్లో చిక్కినవి బీమా సంస్థల ద్వారా వేలానికి వస్తుంటాయి. కడిగి, రంగేస్తే పైకి తెలియదు. సీటుబెల్టుని చివరిదాకా లాగితే బురద చార కనిపించవచ్చు. కార్పెట్ ఎత్తితే మట్టి, సీటు పట్టాలకు తుప్పు, హెడ్‌లైట్లలో చెమ్మ... ఏది కనిపించినా వదిలేయడమే మేలు.

తాళం చేతిలో... కాగితాలో!

వేలంలో షరతు ఒక్కటే - 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే'. తర్వాత లోపం బయటపడిందంటే కొన్నవారిదే బాధ్యత. గడువులోగా మిగతా డబ్బు కట్టకపోతే ధరావతు గోవిందా!

ప్రభుత్వం నిర్వహించిన వేలంలో కొంటే, బండి చేతికొచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32తో రవాణాశాఖకు దరఖాస్తు చేయాలి. అమ్మకాన్ని ఖరారు చేసిన పత్రం దానికి తోడుండాలి. అప్పు కట్టలేదని బ్యాంకు తెచ్చుకున్న కారైతే దారి వేరు. ముందు ఫారం 36 ద్వారా ఆర్సీ బ్యాంకు పేరుమీదకు మారిందా, అప్పు తాలూకు నమోదు తీసేశారా అన్నది చూసుకోవాలి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడ లైఫ్‌ట్యాక్స్ తప్పవు. పాత చలానాలూ లెక్కలోకి వస్తాయి. 15 ఏళ్లు దాటితే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. బీమా కూడా తమ పేరుమీదకు మార్చమని 14 రోజుల్లో కోరాలి. లేదంటే ప్రమాదం జరిగినప్పుడు సొంత కారు మరమ్మతుకి పరిహారం రావడం కష్టం.

ఇంట్లో లెక్క వేశాకే...

అందుకే పాటకి వెళ్లేముందే ఇంట్లో అందరూ కూర్చుని ఓ లెక్క వేసుకోవాలి. ఇంత వరకే పెట్టగలం అనుకున్న మొత్తంలోంచి పన్ను, బీమా, రవాణా, టాపు, టైర్లు, బ్యాటరీ ఖర్చులు తీసేయాలి. మిగిలిందే పాడాల్సిన ధర. ఎదుటివాళ్లు ఇంకో పదివేలు పెంచారని పౌరుషానికి పోతే ఆ డబ్బు పిల్లల ఫీజుల్లోంచో, చీటీ పాటలోంచో రావాలి. పైగా నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారు ఎప్పటికీ రెండో బండే.

కొన్నాక టాపు తీసేది ఎన్ని రోజులు? ఏలూరు ఎండల్లో తీయలేం, వానాకాలంలో తీయకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ పొద్దుటిపూటలే దానికి అసలు సీజన్. చెరువుగట్లమీది గతుకులు కిందికి ఉండే ఈ కార్లకు పడవు కాబట్టి తారురోడ్డు వదలకూడదు. అన్నీ చూసుకుని కొన్నవారికి ఆ నాలుగు నెలలూ పండగే. ముందు చేపల లారీ వెళ్తుంటే మాత్రం టాపు వేసుకోవడమే మంచిది!