స్త్రీ రచన: కర్తృనామ విచారము

మహేంద్రతనయానది సముద్రమున గలియు చోట బారువ గ్రామము గలదు. కొబ్బరితోటలకును, పాతరేవునకును పేరొందిన ఈ యూరిని సాహిత్యచర్చకు ఆరంభస్థానముగా గైకొనుటకు మాకొక కారణమున్నది. స్త్రీ రచనను గూర్చిన పరిశోధనలు సాధారణముగ గ్రంథాలయమునుండి బయలుదేరును. అచ్చుపుస్తకము, దానిపై రచయిత్రి పేరు, ఆమె కాలము తెలిసినగాని మన పని సాగదు. బారువనుండి మందస, పలాసలవరకు గల సీమలో ఊడ్పుచేలయందును, పెండ్లిపందిళ్లయందును, ఉయ్యాలయొద్దను స్త్రీలు పాడు పాటలకు ఇవి యేవియు లేవు. ఎవరు కట్టిన పాటయని యడిగినచో, అమ్మ పాడెడిది, అత్త పాడెడిది యని మాత్రమే సమాధానము వచ్చును. పద్యమున తన పేరు నిలుపుకొనుట కవికి సహజమని తలచు మనము, పాటకట్టిన స్త్రీ పేరు లేకుండుటను గూడ అంతే సహజమని యేల తలచుచున్నాము?

ఈ సీమయందే పేరు నిలిచిన స్త్రీ యొకతె గలదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ పలాసలో జరిగెను. బారువలో జన్మించిన గౌతు లచ్చన్న ఆనాటి రైతూద్యమమునకు నాయకులలో నొకరు. సభ ముగిసిన కొలదిదినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున రైతులపై పోలీసులు కాల్పులు జరిపిరి. అందు మరణించిన ససుమాన గున్నమ్మను ప్రజలు వీరగున్నమ్మయని నేటికిని స్మరింతురు. కాని ఆమె మనకు దక్కినది ఇతరుల పాటకును, ప్రసంగమునకును వస్తువుగా మాత్రమే. ఆమె యేమి పలికెనో, ఏ పాట పాడెనో వ్రాసియుంచినవారు లేరు. ఉత్తరాంధ్ర సాహిత్యమున మధురవాణివంటి వాచాల స్త్రీపాత్రకు కొదవలేదు; ఆ వాక్కు గురజాడవారిది. స్త్రీ వస్తువగుట వేఱు, కర్త యగుట వేఱు.

చదువు వచ్చినచో ఈ చిక్కు తీరునని కొందఱందురు. తీరదనుటకు ముద్దుపళని కావ్యచరిత్రయే సాక్ష్యము. తంజావూరి ప్రతాపసింహుని (1739–63) ఆస్థానమున నుండిన ఈమె రాధికాసాంత్వనమును నాలుగాశ్వాసముల శృంగారకావ్యముగా రచించెను. పీఠికలో సంప్రదాయానుసారముగ తన వంశమును చెప్పుకొనెను. తన యవ్వ తంజనాయకిని స్మరించెను. తనకు పండితులు పొందించిన గౌరవమును సంకోచము లేక చాటెను. ఇంత స్పష్టముగ తన్ను తాను పరిచయము చేసికొనిన కవయిత్రులు మన ప్రాచీన వాఙ్మయమున అరుదు. పైడిపాటి వేంకటనరసు వ్యాఖ్యతో 1887లోను, మరల 1907లోను ఈ కావ్యమచ్చుపడినపుడు లోపించినది సరిగా ఆ పీఠికయే. కావ్యమును అచ్చువేసి కర్త్రి స్వపరిచయమును విడిచిపెట్టుట యెట్టి పరిష్కరణమో మాకు బోధపడదు.

బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, లోపములను పూరించి 1910లో వావిళ్లవారిచే ప్రకటింపజేసెను. కందుకూరి వీరేశలింగముగారు స్త్రీవిద్యకై పాటుపడిన మహనీయులే. అయినను ఈ కావ్యమందలి శృంగారము స్త్రీనోట రాదగనిదని వారు గర్హించిరి. నాగరత్నమ్మ ప్రత్యుత్తరము సూటిగా నుండెను. అంతకు తక్కువకాని శృంగారముగల వైజయంతీవిలాసమును పంతులుగారే పరిష్కరించి యచ్చువేయించిరిగదా, సిగ్గను గుణము స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యని ఆమె వాదసారము. 1911లో ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశముగారి చొరవతో 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఈ కథలో దోషి పరప్రభుత్వమే యని చెప్పి తప్పించుకొనుట సులభము. ఆజ్ఞకు ముందు మన విమర్శ పనిచేసెను. విమర్శకు ముందు మన పరిష్కర్త కత్తెర పనిచేసెను.

ఇరువదవ శతాబ్దమున విషయము విచిత్రమైన మలుపు తిరిగెను. 1950–75 మధ్య తెలుగు కథానవలా రంగమున రచయిత్రులు అగ్రస్థానము నందుకొనిరి. ఈ కాలమును గూర్చి విశాఖపట్టణమున జన్మించి అమెరికాలో స్థిరపడిన నిడదవోలు మాలతి ప్రత్యేక గ్రంథమునే వ్రాసిరి. స్త్రీనామమునకు పత్రికలయందు గిరాకి కలిగినంతనే పురుషులు దానిని ధరింపసాగిరి. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారి ఇల్లాలి ముచ్చట్లు వెలువడినది పురాణం సీత పేరుతోనే. బీనాదేవి యను పేరు భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులిరువురిది. ఇందు వంచన గలదని మేమనము. ముచ్చట్లు రసవంతములే. అయినను ముద్దుపళని పేరు ఎవరికిని అక్కరలేకపోయిన భాషలోనే, స్త్రీపేరు అరువుసొమ్ముగా చెలామణి యగుట గమనింపదగినది.

తన పేరుతో తాను నిలిచిన రచయిత్రికి సైతము ఇంకొక నీడ యుండును. విజయనగరపు చాగంటి తులసి కథకురాలు, అనువాదకురాలు. ఒడిశాలో అధ్యాపకత్వము నెరపిరి. రాహుల్ సాంకృత్యాయన్ ఓల్గా నుంచి గంగకు గ్రంథము ఆమె యనువాదముచేతనే తెలుగు పాఠకులకు చిరపరిచితమైనది. పలాస కిసాన్ సభకు అధ్యక్షులుగా ఎన్నుకొనబడినవారు ఆ రాహుల్జీయే యని జ్ఞప్తికి తెచ్చుకొనిన, గున్నమ్మ సీమకును ఈ యనువాదమునకును చుట్టరికము కనబడును. ఇంత కృషి యుండియు తులసిగారి ప్రస్తావన తఱచుగ చాసో కుమార్తె యనుటతో మొదలగును. ఆ మాట సత్యమే, మొదటిమాట కానక్కరలేదు.

మరల బారువకు వత్తము. పాటలు సేకరించు విద్యార్థి తన పుస్తకమున పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసికొనును. పాట మాత్రము జనపదమునకు చెందును; వ్యాసము సేకర్తకు చెందును. గాయని తన కూతురి పెండ్లికై చేర్చిన చరణమేది? ఎవరియొద్ద నేర్చినది? ఏ మాట నచ్చక మార్చినది? ఈ ప్రశ్నలు అడిగిన చోట్ల కొన్ని పాటలకైనను కర్త్రులు బయటపడుదురని మా నమ్మకము. ఉద్దానమున, జీడిపిక్కలు ఒలుచు పలాస కార్ఖానాలయందు, తెలుగును ఒరియాను కలిపి పలుకు ముసలివారు నేటికిని ఉన్నారు. పుస్తకమున ఇంకొక గడి గీచుకొని ఈ వేసవిలోనే వారియొద్దకు పోవుట మంచిది.