ఆటల పోటీలు - అందరూ ఆడాలంటే

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడిందంటే గ్రౌండులో సున్నం గీతలు పడతాయి. పీఈటీ సారు విజిల్ మోగుతుంది. వంద మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, కబడ్డీ, ఖోఖో అంటూ పేర్లు రాసుకోవడం మొదలవుతుంది. వార్షికోత్సవం నాడు స్టేజీ మీద టేబుల్ వేసి స్టీలు టిఫిన్ బాక్సులు, గ్లాసులు, షీల్డులు వరసగా పేరుస్తారు. మైకులో పేరు పిలవగానే వెళ్లి అతిథుల చేతుల మీదుగా బహుమతి తీసుకోవడం హాస్టల్ జీవితంలో మరచిపోలేని ఘట్టం.

అయితే వంద మంది ఉన్న హాస్టల్‌లో ఆ స్టేజీ ఎక్కేది ఎందరు? లెక్క వేస్తే చాలాసార్లు పది పన్నెండు మందే ఉంటారు. పరుగులో ఫస్టు వచ్చినవాడే లాంగ్ జంప్‌లోనూ ఉంటాడు, కబడ్డీ టీములోనూ ఉంటాడు. మిగిలినవారు ప్రహరీ గోడ మీద కూర్చుని చప్పట్లు కొడతారు. నేనూ ఆ గోడ మీద కూర్చున్నవాడినే. ఆరో తరగతిలో వంద మీటర్ల హీట్స్‌లో అందరికన్నా చివర వచ్చాను. చూస్తున్నవాళ్లు నవ్వారు. ఆ తర్వాత మూడేళ్లపాటు పేర్లు రాసుకునే రోజు వచ్చేసరికి నాకు కడుపునొప్పి వచ్చేది. ఆ నొప్పి సంగతి వార్డెన్ గారికీ తెలుసు, నాకూ తెలుసు.

మరి చిన్నపిల్లలకు ఆటల పోటీలు పెట్టవచ్చా, పెట్టకూడదా? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో చాలాచోట్ల వాదోపవాదాలు జరుగుతున్నాయి. మన హాస్టల్ పిల్లల సంగతి దృష్టిలో పెట్టుకుని దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

పోటీ ఎందుకు కావాలి?

పోటీలు పూర్తిగా తీసేయాలి అనేవారితో నేను ఏకీభవించలేను. దానికి కారణం మన బతుకులే. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆట మీద ఆసక్తి ఉంటే తల్లిదండ్రులు కోచింగ్‌కు పంపుతారు. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లవాడిలో ఏముందో ఎవరు చూస్తారు? బడిలోనో హాస్టల్‌లోనో పెట్టిన పోటీలో ఒక సారు చూడాలి.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తిని తీసుకోండి. తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవారు. మేధోపరమైన లోపం ఉందని చిన్నప్పుడు ఊళ్లో ఆమెను హేళన చేసినవారున్నారు. ఆమె పరుగును బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు గమనించారు. తర్వాత పోటీల్లో శిక్షకులు నాగపురి రమేశ్ గారి కంట పడింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరంలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి, తన విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది. ఆమె పరిగెత్తేటప్పుడు చూసే కన్ను లేకపోతే ఆ పతకం లేదు.

పోటీ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఓడిపోయినా మర్నాడు మళ్లీ గ్రౌండుకు రావడం, గెలిచినా ఎదుటివాడికి చెయ్యి కలపడం పుస్తకాల్లో చదివితే అబ్బవు. ఆడితేనే అబ్బుతాయి.

తేడా ఎక్కడ వస్తోంది?

పోటీ మంచిదే అయినప్పుడు గోడ మీద అంతమంది ఎందుకు కూర్చుంటున్నారు? దీనికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది ఎదుగుదల. పిల్లలు ఒక్కసారిగా పొడవు పెరిగే కాలం ఒకటుంటుంది. సగటున ఆడపిల్లలకు అది 11, 12 ఏళ్ల ప్రాంతంలోనూ, మగపిల్లలకు 13, 14 ఏళ్ల ప్రాంతంలోనూ వస్తుంది. కానీ ఒకరికి ఏడాది రెండేళ్లు ముందు, మరొకరికి ఏడాది రెండేళ్లు వెనక రావచ్చు. అందువల్ల ఒకే వయసున్న ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకడు మీసం వచ్చిన కుర్రాడిలా, ఇంకొకడు పసివాడిలా కనిపిస్తారు. వాళ్లిద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ ఊదితే గెలిచేది ముందు ఎదిగినవాడే. అది అతని ప్రతిభ అని అతనూ అనుకుంటాడు, తనకు చేతకాదని ఓడినవాడూ అనుకుంటాడు. రెండూ పొరపాటే కావచ్చు.

రెండవది వయసు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను 1985లో రోజర్ బార్న్స్‌లీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పరిశీలించారు. పైస్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపించారు. అక్కడ వయసు లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టిన పిల్లవాడు అదే జట్టులో డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. చిన్నతనంలో ఆ ఏడాదే బలమవుతుంది, బలమున్నవాడికే శిక్షణ దొరుకుతుంది. మన దగ్గర పరిస్థితి ఇంకా చిక్కు. మనలో చాలామంది పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజున సారు అంచనాగా రాసిందే. పనికి పోయి ఆలస్యంగా చేరినవారూ ఉంటారు. ఒకే తరగతిలో రెండేళ్లు, మూడేళ్లు తేడా ఉండటం మనకు కొత్త కాదు.

మూడవది, ఒకే రకం పరీక్ష. వంద మీటర్ల పరుగుకు క్షణాల్లో బలం చూపే కండరాలు కావాలి. మూడు కిలోమీటర్ల పరుగుకు గుండె, ఊపిరితిత్తుల ఓర్పు కావాలి. విసరడం, దూకడం, గురి చూసి కొట్టడం వేరు వేరు సామర్థ్యాలు. రోజూ తండా నుంచి బడికి నడిచి వచ్చిన పిల్లవాడు వంద మీటర్లలో వెనకబడినా దూరం పరుగులో అందరినీ దాటిపోవచ్చు. నా సంగతి అలాగే జరిగింది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సీనియర్ అన్న పొద్దున్నే నన్ను లేపి చెరువు కట్ట చుట్టూ తనతో పరిగెత్తించాడు. నెల రోజులకు ఆయన ఆయాసపడుతుంటే నేను మాట్లాడుతూ పరిగెత్తుతున్నాను. నాకు పరుగు రాదని అంతవరకు నమ్మిన మూడేళ్లూ వృథా అయ్యాయి.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారు?

నార్వే చిన్న దేశం. జనాభా సుమారు 55 లక్షలు. అక్కడి క్రీడా సమాఖ్య 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు ఏర్పాటు చేసి, 2007లో వాటిని సవరించింది. వాటి ప్రకారం ఆరేళ్ల పిల్లలు కూడా తమ ప్రాంతంలో పోటీల్లో పాల్గొనవచ్చు. కానీ 11 ఏళ్ల లోపు వారికి ర్యాంకులు, ఫలితాల పట్టికలు ప్రకటించరు. చిన్నపిల్లలకు బహుమతి ఇస్తే అందరికీ ఇవ్వాలి. 13 ఏళ్ల లోపు పిల్లలకు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. ఇలా పెంచిన దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలు, 2022లో 16 స్వర్ణాలతో కలిపి 37 పతకాలు గెలిచి రెండుసార్లూ మొదటి స్థానంలో నిలిచింది. ఈ నియమాల వల్లనే పతకాలు వచ్చాయని అనలేం. ఆ దేశానికి మంచు ఉంది, డబ్బు ఉంది, మైదానాలున్నాయి. అయితే చిన్నప్పుడే ర్యాంకులు పెట్టకపోతే ఛాంపియన్లు తయారు కారు అనే మాట మాత్రం నిలవదు.

జపాన్ బడుల్లో ఏటా జరిగే ఆటల రోజును ఉందోకై అంటారు. అక్కడ పోటీ బాగానే ఉంటుంది. అయితే బడి మొత్తాన్ని ఎరుపు, తెలుపు జట్లుగా విడదీస్తారు. తాడు లాగడం, రిలే పరుగు, బుట్టలో బంతులు వేయడం వంటి వాటిలో వచ్చిన పాయింట్లు జట్టుకే పోతాయి. వెనకబడిన పిల్లవాడు కూడా తన జట్టు కోసం చివరిదాకా పరిగెత్తుతాడు.

మన గురుకులాల నుంచే ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ముందు పెద్ద బృందానికి శిక్షణ ఇచ్చారు. భువనగిరి కొండ, డార్జిలింగ్, లడఖ్ దాటుకుంటూ దశలవారీగా వడపోసి చివరికి ఇద్దరిని ఎంపిక చేశారు. ఇక్కడ వడపోత ఉంది. కానీ శిక్షణ ముందు, వడపోత తర్వాత. మన హాస్టళ్లలో ఆటల పోటీలు తరచు దీనికి తలకిందులుగా జరుగుతాయి. ముందు పందెం పెట్టి, గెలిచినవారికే తర్వాత బంతి ఇస్తాం.

మన హాస్టల్‌లో ఏం చేయవచ్చు?

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఈ కింది పద్ధతులు పాటించవచ్చు.

1. వార్షికోత్సవానికి నెల ముందు ప్రతి విద్యార్థికీ మూడు కొలతలు తీయాలి: 50 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, బంతి విసరడం. ఒక నోటుబుక్కులో పేరు పక్కన రాయాలి. చివరి వారంలో మళ్లీ కొలిచి, ఎక్కువ మెరుగుపడినవారిని స్టేజీ మీదికి పిలవాలి.

2. మూడు నుంచి అయిదో తరగతి వరకు ఫస్టు, సెకండు వద్దు. ఏడు పెంకులాట, గోనె సంచి పరుగు, రిలే, తాడు లాగుడు వంటివి అందరితో ఆడించాలి.

3. ఆరు, ఏడు తరగతుల వారిని తరగతిని బట్టి కాకుండా ఎత్తు, బరువులను బట్టి విడదీయాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. సబ్‌జూనియర్ కబడ్డీలో కూతకు ముందు తూకం వేస్తారు కదా!

4. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పూర్తి స్థాయి పోటీలు నిర్వహించాలి. స్టాప్‌వాచ్‌తో సమయం, టేపుతో దూరం కొలిచి రాయాలి. మండల, జిల్లా స్థాయి పోటీలకు వెళ్లేటప్పుడు ఆ రికార్డు పనికి వస్తుంది. అన్ని రకాల అంశాలూ, ముఖ్యంగా దూరం పరుగు, తప్పక ఉండాలి.

5. హాస్టల్ మొత్తాన్ని నాలుగు జట్లు చేయాలి. ప్రతి జట్టులో మూడో తరగతి తమ్ముడి నుంచి పదో తరగతి అన్న వరకు ఉండాలి. పెద్దవాళ్లే చిన్నవాళ్లకు ఆట నేర్పాలి.

6. ఆడలేనివారికి, వైకల్యం ఉన్నవారికి వీలైన అంశాలు ఏర్పాటు చేయాలి. స్కోరు రాయడం, రిఫరీగా ఉండటం కూడా ఆటలో భాగమే. ఆ పని చేసినవారి పేర్లూ మైకులో చదవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మనం ఏటా షీల్డులకు, మెమెంటోలకు చందాలు ఇస్తున్నాం. వాటిలో కొంత తగ్గించి రెండు స్టాప్‌వాచీలు, ఒక కొలత టేపు, నాలుగు వాలీబాల్స్, స్కిప్పింగ్ తాళ్లు కొనిద్దాం. షీల్డు ఒక్కరి ట్రంకు పెట్టెలో ఉంటుంది. బంతి ఏడాది పొడవునా గ్రౌండులో వంద మందికి పనికొస్తుంది.

తమ్ముళ్లూ, ఈసారి పేర్లు రాసుకునే రోజున మీ పక్క మంచం కుర్రాడికి కడుపునొప్పి వస్తే వదిలిపెట్టకండి. మర్నాడు పొద్దున్నే లేపి, మీతోపాటు గ్రౌండుకు తీసుకుపోండి.