ఆన్‌సైట్ పెట్టె సర్దుతున్నారా? ఇవి మీకు తెలుసా?

మాదాపూర్ సైబర్ టవర్స్ దగ్గర టీ తాగుతూ ఎవరైనా "ఆన్‌సైట్ వచ్చింది" అంటే, పక్కవాళ్లు మొదట అడిగేది "వీసా స్టాంపింగ్ అయిందా?" అనే. అక్కడ జీతంలో ఎంత కోస్తారు, ఆ డబ్బు మళ్లీ మన చేతికొస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. అసలు అడగాల్సింది అదే.

● రెండు చోట్లా కట్టక్కర్లేదు. కంపెనీ మిమ్మల్ని జపాన్‌కో జర్మనీకో పంపితే, ఇక్కడ పీఎఫ్ కడుతూ అక్కడి సామాజిక భద్రత చందా కూడా కట్టాల్సిన పనిలేదు; ఆ దేశాలతో మనకు సామాజిక భద్రత ఒప్పందం ఉంది. కంపెనీ ద్వారా దరఖాస్తు చేస్తే ఈపీఎఫ్‌ఓ 'సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్' ఇస్తుంది. జపాన్, బెల్జియంలలో 5 ఏళ్ల వరకు, జర్మనీలో 48 నెలల వరకు ఈ మినహాయింపు ఉంటుంది.

● దారి తీసింది బెల్జియం. ఇలాంటి ఒప్పందం మన దేశం మొదట చేసుకున్నది బెల్జియంతో, 2006లో. అది 2009 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. తర్వాత ఫ్రాన్స్, నెదర్లాండ్స్, దక్షిణ కొరియా, కెనడా, ఆస్ట్రేలియా వంటివి చేరాయి. చాలా ఒప్పందాల్లో ఇక్కడ పనిచేసిన ఏళ్లనూ అక్కడి ఏళ్లనూ కలిపి పింఛను అర్హత లెక్కేస్తారు.

● అమెరికాతో ఒప్పందం లేదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం జీతంలోంచి పోతాయి. ఏడాదికి లక్ష డాలర్లు వచ్చేవారికి ఈ కోత 7,650 డాలర్లు, ఆరేళ్లకు 45,900. కంపెనీ కూడా అంతే కడుతుంది. పింఛను రావాలంటే 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని ఉండాలి. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా గడువేమో సాధారణంగా ఆరేళ్లే. ఆ గడువు తీరి తిరిగొచ్చేసినవారికి ఆ పింఛను అందదు.

● చదువుకునే పిల్లలకు ఆ కోత లేదు. ఎఫ్‌-1 వీసా మీద వెళ్లినవారికి సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఈ రెండు పన్నులూ ఉండవు. ఓపీటీ (చదువుకు సంబంధించిన శిక్షణ ఉద్యోగం) జీతానికీ ఇదే వర్తిస్తుంది. పొరపాటున కోస్తే ముందు కంపెనీని అడగాలి. వాళ్లు ఇవ్వకపోతే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పే స్లిప్ ఒకసారి తీసి చూడమని మీ పిల్లలకు చెప్పండి.

● బెంచ్ మీదున్నా జీతం హక్కే. ప్రాజెక్టు లేదని హెచ్‌-1బీ ఉద్యోగికి జీతం ఆపకూడదు. ఎల్‌సీఏ అనే పత్రంలో రాసిన జీతం ఇవ్వాల్సిందే. దాని కాపీ మీరు పనిలో చేరే రోజుకల్లా మీ చేతికి రావాలి. పిటిషన్ ఫీజు, దాని లాయర్ ఖర్చు కంపెనీవే. అన్యాయం జరిగితే అమెరికా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

● ఐటీ పేరుతో ఎర. థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాలంటూ ఐటీ తెలిసిన యువతకు వల వేసి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో బంధిస్తున్నారని మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది. 2025 మార్చిలో అలా చిక్కుకున్న 549 మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు ఆ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి.

● 275 రూపాయల ధీమా. శంషాబాద్‌లో మీ పక్క క్యూలో గల్ఫ్‌కు వెళ్లే అన్న నిలబడి ఉంటాడు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో వెళ్లే అతనికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. మీ ఊరివాళ్లెవరైనా వెళ్తుంటే పాలసీ కాగితం నకలు ఇంట్లో ఉంచి వెళ్లమనండి.

● వలసదారుల దినం డిసెంబర్ 18నే ఎందుకు? వలస కార్మికులు, వారి కుటుంబాల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించింది ఆ రోజునే. అందుకే అది అంతర్జాతీయ వలసదారుల దినం. ఆ ఒడంబడిక 2003 జూలై 1 నుంచి అమల్లో ఉంది. భారత్, అమెరికా, జర్మనీ, గల్ఫ్ దేశాలు మాత్రం ఇంకా అందులో చేరలేదు. అందుకే దేశానికీ దేశానికీ మధ్య కుదిరే ఒప్పందాలే మనవాళ్లకు దిక్కు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. విమానం ఎక్కే ముందే హెచ్‌ఆర్‌ను అడగండి: "నేను వెళ్లే దేశంతో మనకు ఒప్పందం ఉందా? నా సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ ఏది?"