కృత్రిమ మేధతో పాటల సృష్టి

కృత్రిమ మేధతో పాటల సృష్టి అనగా, కావలసిన పాట ఎలా ఉండాలో మామూలు మాటలలో రాసి ఇచ్చినపుడు, దానికి తగిన బాణీని, వాద్య సహకారమును మరియు గాత్రమును కంప్యూటరు ప్రోగ్రామే తయారుచేసి వినిపించు ప్రక్రియ. ఇలా రాసి ఇచ్చే వాక్యమును ప్రాంప్టు అంటారు. "నెమ్మదైన జోలపాట, స్త్రీ గాత్రము, వేణువు" అన్నంత మాత్రము చాలును. సాహిత్యమును వాడుకరి తానే రాసి ఇవ్వవచ్చును, లేదా దానిని కూడా యంత్రమునకే వదిలివేయవచ్చును. అమెరికాకు చెందిన సునో మరియు యూడియో ఈ రంగములో ప్రసిద్ధి చెందిన సేవలు.

పనిచేయు విధానము

ఈ ప్రోగ్రాములకు రాగ తాళములను నియమాలుగా ఎవరూ నేర్పరు. రికార్డు చేసిన పాటలను పెద్ద సంఖ్యలో ఇచ్చినపుడు, ఏ ధ్వని తరువాత ఏ ధ్వని వచ్చుటకు అవకాశము ఎక్కువో అవి లెక్కల ద్వారా గ్రహించును. కాని ధ్వనిని ఉన్నదున్నట్లుగా లెక్కించుట చాలా భారము. ఉదాహరణకు, మెటా సంస్థ 2023 జూన్‌లో విడుదల చేసిన మ్యూజిక్‌జెన్‌లో ఒక్క సెకను ధ్వనికి 32,000 సంఖ్యలు కావాలి. కావున ముందుగా వేరొక ప్రోగ్రాము ఆ ధ్వనిని కుదించి, సెకనుకు 200 సంకేతములుగా మార్చును. ప్రాంప్టులోని మాటలను ఆధారము చేసుకొని మోడల్ ఈ సంకేతములను వరుసగా ఊహించుకుంటూ పోవును. చివరకు వాటిని తిరిగి ధ్వనిగా విప్పుతారు.

మరొక పద్ధతి బొమ్మలు గీసే ప్రోగ్రాముల నుండి వచ్చినది. 2022 డిసెంబరులో వెలువడిన రిఫ్యూజన్‌లో స్పెక్ట్రోగ్రామును, అనగా కాలమును అడ్డముగాను, ధ్వని పౌనఃపున్యమును నిలువుగాను చూపు చిత్రమును, స్టేబుల్ డిఫ్యూజన్ అను ప్రోగ్రాము చేత గీయించి, ఆ చిత్రమును ధ్వనిగా మార్చారు. సంగీతమును బొమ్మగా గీయుట వింతగా తోచినా, ఈ పద్ధతి పనిచేసినది.

పాడించుట వాయించుట కంటే కష్టము. మ్యూజిక్‌జెన్‌కు ఇచ్చిన శిక్షణ సంగీతములో గాత్రమును ముందుగానే తొలగించారు, కావున అది మాటలు పాడలేదు. పాడే మోడల్ ప్రతి పదమును బాణీలో ఇమడ్చవలెను. తెలుగులో హ్రస్వము దీర్ఘమైనచో కలము కాలమగును. గాయకులు కూడా అక్షరములను సాగదీస్తారు గాని, అర్థము తెలిసి సాగదీస్తారు. శిక్షణలో ఒక భాష పాటలు ఎంత తక్కువైతే, ఆ భాష ఉచ్చారణలో ఇటువంటి తప్పులకు అంత అవకాశము కలదు.

చరిత్ర

1957లో ఇలినాయ్ విశ్వవిద్యాలయములో లెజారెన్ హిల్లర్, లియొనార్డ్ ఐజాక్సన్‌లు ఇలియాక్ కంప్యూటరు సహాయముతో "ఇలియాక్ సూట్" అను రచనను రూపొందించారు. యంత్రము స్వరములను ఎంచినదే గాని, తీగ వాద్యములపై వాయించినది మనుషులే. గాత్రముతో సహా ధ్వనిని సృష్టించిన ప్రోగ్రాములలో ముఖ్యమైనది 2020 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ ప్రకటించిన జ్యూక్‌బాక్స్. దీనికి 12 లక్షల పాటలతో శిక్షణ ఇచ్చారు. వాటిలో సగము ఆంగ్ల పాటలే. ఒక నిమిషము పాటకు దీనికి సుమారు 9 గంటలు పట్టేది. 2023 జనవరిలో గూగుల్ మ్యూజిక్‌ఎల్‌ఎమ్‌ను ప్రకటించినది. 2023 డిసెంబరులో సునో, 2024 ఏప్రిల్‌లో యూడియో సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన తరువాత పూర్తి పాట నిమిషాల పని అయినది.

వివాదాలు

యంత్రము ఎవరి పాటలు విని నేర్చుకున్నది అన్నదే అసలు వివాదము. 2024 జూన్ 24న యూనివర్సల్, సోనీ, వార్నర్ సంగీత సంస్థలు సునోపై బోస్టన్‌లోను, యూడియోపై న్యూయార్క్‌లోను దావాలు వేసి, ఒక్కొక్క రికార్డింగుకు 1,50,000 డాలర్ల వరకు పరిహారము కోరాయి. అనుమతి లేకుండా, ప్రతిఫలము ఇవ్వకుండా తమ పాటలను వాడారన్నది వాటి ఆరోపణ. అంతర్జాలములో బహిరంగముగా దొరకు, ఓ మోస్తరు నాణ్యత గల సంగీతము దాదాపు అంతా తమ శిక్షణలో ఉన్నదని సునో 2024 ఆగస్టులో కోర్టుకు తెలిపి, అది చట్టము అనుమతించు న్యాయమైన వినియోగమేనని వాదించినది. 2025 అక్టోబరులో యూడియో యూనివర్సల్‌తోను, నవంబరులో యూడియో మరియు సునో రెండూ వార్నర్‌తోను రాజీ కుదుర్చుకున్నాయి. పెద్ద సంస్థల అండ లేని స్వతంత్ర కళాకారుల తరఫున 2025లో వేరుగా దావాలు వేయవలసి వచ్చినది.

తయారైన పాట ఎవరిదన్నది రెండవ ప్రశ్న. కేవలము ప్రాంప్టు రాసినంత మాత్రాన ఫలితముపై కాపీహక్కు రాదని అమెరికా కాపీహక్కుల కార్యాలయము 2025 జనవరి నివేదికలో పేర్కొన్నది. అయితే మనిషి స్వయముగా రాసిన సాహిత్యమునకు ఆ రక్షణ పోదు.

పాటల సంఖ్య కూడా సమస్యే. తమకు రోజూ చేరుతున్న కొత్త పాటలలో సుమారు 50,000, అనగా 34 శాతము, పూర్తిగా యంత్ర సృష్టి అని ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ సంస్థ 2025 నవంబరులో ప్రకటించినది.

గాత్ర అనుకరణ

ఉన్న గాయకుని కంఠమును యంత్రముతో పలికించుట దీనికి దగ్గరిదే గాని వేరొక ప్రక్రియ. 2023లో విడుదలైన కీడా కోలా చిత్రములో తన తండ్రి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కంఠమును అనుమతి లేకుండా ఈ విధముగా వాడారని ఆరోపిస్తూ ఎస్.పి. చరణ్ 2024లో నిర్మాతలకు నోటీసు పంపారు. అదే సంవత్సరము లాల్ సలామ్ అను తమిళ చిత్రములోని పాటకు దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల కంఠములను ఏ.ఆర్. రెహమాన్ ఇలాగే వాడగా, వారి కుటుంబాల అనుమతి తీసుకొని తగిన పారితోషికము చెల్లించినట్లు తెలిపారు.