కాలు విరిగితే ఊపిరితిత్తులకేమైంది?

మూడేళ్ల క్రితం మినుము నూర్పిళ్లప్పుడు గట్టు మీద ట్రాక్టరు తిరగబడి మా పెదనాన్న దాని కింద పడ్డాడు. తొడ ఎముక, కటి ఎముక విరిగాయి. ఛాతీకి దెబ్బే తగల్లేదు. ఆపరేషను చేశారు, రక్తం ఎక్కించారు, గండం గడిచిందనుకున్నాం. తీరా తొమ్మిదో రోజున నిమ్ము చేసి ఆయాసంతో మళ్లీ ప్రాణం మీదికొచ్చింది. "కాలు విరిగితే ఊపిరితిత్తులకేమైందిరా? సైన్సు చదువుతున్నావు గదా!" అని మా పెద్దమ్మ అడిగితే నోరు మెదపలేకపోయాను.

తెల్లకణాలు బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవుల మీదనే లేస్తాయని మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. అది సగం నిజమే. పరాయిదా కాదా అన్నదానికంటే, ప్రమాదం ఉందా లేదా అన్నదే వాటికి ముఖ్యమని 1994లో పోలీ మాట్జింగర్ అనే శాస్త్రవేత్త వాదించింది. ఎముక విరిగి కండరం నలిగినప్పుడు లక్షలాది కణాలు పగిలి లోపలి సరుకంతా రక్తంలో కలుస్తుంది. అందులో మైటోకాండ్రియాలు కూడా ఉంటాయి. ఇవి కోట్ల ఏళ్ల క్రితం బాక్టీరియాలే! వాటి డి.ఎన్.ఏ. ఇప్పటికీ బాక్టీరియా పోలికలోనే ఉంటుంది. కణం లోపల ఉన్నంతసేపు పేచీ లేదు. రక్తంలోకి వచ్చాయంటే మాత్రం న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వాటిని శత్రువులుగా పొరబడతాయి. గాయపడ్డవారి రక్తంలో ఈ సరుకు ఉందనీ, దానివల్ల న్యూట్రోఫిల్స్ రెచ్చిపోయి ఊపిరితిత్తుల వంటి అవయవాలను పాడుచేయగలవనీ 2010లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అనగా, ఒక్క సూక్ష్మజీవి లేకపోయినా జ్వరం రావచ్చు, వాపు రావచ్చు.

ఈ మంటను ఆర్పడానికి శరీరమే కార్టిసాల్ వగైరాలను వదులుతుంది. బ్రేకు గట్టిగా పడితే లింఫోసైట్లు తగ్గిపోతాయి, మోనోసైట్లు శత్రువు ఆనవాలును మిగతా కణాలకు చూపించలేవు. రోగి మంచం మీద కదలకుండా ఉంటాడు, గొంతులో గొట్టం, మూత్రానికి గొట్టం. సూక్ష్మజీవులకు ఇంకేం కావాలి?

ఇదంతా చెబితే పెద్దమ్మ, "అయితే కాపలాకుక్క ముందు మనవాణ్ణే కరిచి, దొంగొచ్చే వేళకు పడుకుందన్నమాట" అంది. చాలాకాలం శాస్త్రజ్ఞులూ అలాగే, ఒకదాని తర్వాత ఒకటి అనుకున్నారు. కాని 2011లో అమెరికాలో తీవ్రగాయాల రోగుల తెల్లకణాలను పరీక్షిస్తే, కరవడం, పడుకోవడం రెండూ మొదటి గంటల్లోనే కలిసి మొదలవుతున్నాయని తేలింది. నూటికి 80కి పైగా జన్యువుల పనితీరు మారిపోయిందట! త్వరగా కోలుకున్నవారిలోనూ, కోలుకోనివారిలోనూ ఈ మార్పులు ఒకటే. తేడా అల్లా వాటి తీవ్రతలో, ఎన్నాళ్లున్నాయనే దానిలో.

మన పల్లెల్లో దెబ్బ తగిలితే టి.టి. ఇంజక్షను వేయించుకుని నిశ్చింతగా ఉంటారు. అది ధనుర్వాతానికి మాత్రమే. అలాగే కడుపులో దెబ్బ తగిలి ప్లీహం తీసేస్తే న్యుమోకాకస్ టీకా తప్పనిసరి. డిశ్చార్జి చీటీలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

పెదనాన్న పంతొమ్మిది రోజులకు ఇంటికొచ్చాడు. ఇప్పుడు చేతికర్రతో చేను దాకా వెళ్లొస్తున్నాడు. ట్రాక్టరు మాత్రం అమ్మేశాం.