చేదు ఒక్కటే, జ్వరాలు మూడు

బాంబూఫ్లాట్‌లో నేలవేము కషాయానికి లోటు లేదు. కషాయం ఏ జ్వరానికి తాగుతున్నారన్నదే అసలు ప్రశ్న.

చాథమ్ రేవులో పడవెక్కితే బాంబూఫ్లాట్ పావుగంట ప్రయాణం. రోడ్డు మీద చుట్టి వెళ్లాలంటే ఫెరార్‌గంజ్ మీదుగా నలభై కిలోమీటర్ల పైమాటే. ఆ పావుగంటలో పడవలో శ్రీకాకుళం యాస తెలుగు, మలబారు మలయాళం, తమిళం, బెంగాలీ అన్నీ వినిపిస్తాయి. ఈ నాలుగు భాషల వాళ్లకూ తెలిసిన మొక్క ఒకటుంది. తెలుగువాళ్లకు అది నేలవేము, తమిళులకు నిలవేంబు, మలయాళీలకు కిరియాత్తు, బెంగాలీలకు కాల్‌మేఘ్. ఒళ్లు కాలితే దాన్ని మరిగించి తాగడం నలుగురికీ తాతల నాటి అలవాటే. తెలుగిళ్లలో దానికి తోడు తిప్పతీగ, వేపచెక్క, ఏడాకులపాల బెరడు కూడా ఉంటాయి. ఒక మొక్కకు నాలుగు పేర్లుంటే వచ్చే నష్టమేమీ లేదు. నాలుగు రోగాలకు 'జ్వరం' అనే ఒకే పేరుంటేనే చిక్కు.

జ్వరాలు ఈ తీరానికి కొత్త కాదు. బ్రిటిష్ వాళ్లు 1789లో అండమాన్‌లో వేసిన తొలి స్థావరాన్ని రోగాలూ మరణాలూ భరించలేక 1796లో ఎత్తేశారు. 1858 మార్చిలో మళ్లీ ఖైదీలతో వచ్చి చాథమ్‌లో దిగారు. అడవి నరికించారు, చిత్తడి తవ్వించారు, చలిజ్వరానికి జనాన్ని పోగొట్టుకున్నారు. దీని గుట్టు విప్పింది 1912 నాటి క్రిస్టఫర్స్ సర్వే. ఇక్కడ మలేరియాను మోసే దోమ ఉప్పు కలిసిన నీటిలో పెరుగుతుందనీ, అందుకే సముద్రపు చిత్తడికి దగ్గరి ఆవాసాల్లోనే రోగం ఎక్కువనీ ఆ సర్వే తేల్చింది. అనాఫిలిస్ సండాయికస్ అని నేటి శాస్త్రవేత్తలు పిలిచే దోమ అదే.

2004 డిసెంబర్ 26 సునామీతో ఈ పాత పాఠాన్ని మళ్లీ చదవాల్సి వచ్చింది. భూకంపానికి దక్షిణ అండమాన్ తీరం ఇంచుమించు ఒక మీటరు కుంగింది. వరిచేలలోకి సముద్రం వచ్చి, చాలాచోట్ల వెనక్కి పోలేదు. ఆ ఉప్పునీటి మడుగుల్లో ఇదే దోమ గుడ్లు పెడుతోందని పరిశోధకులు గమనించారు. మరోవైపు బావులు, పైపులు దెబ్బతిని తాగునీరు కలుషితమైతే టైఫాయిడ్ తలెత్తుతుంది. ఒకటి దోమ తెచ్చే పరాన్నజీవి, మరొకటి నీటితోనో తిండితోనో పేగుల్లోకి చేరే బ్యాక్టీరియా. రెండింటికీ పోలిక లేదు, ఒళ్లు కాలడంలో తప్ప.

పాత వైద్యులకు ఈ తేడా అసలు తెలియదనడం తప్పు. ఆయుర్వేదం విషమ జ్వరాన్ని విడిగా గుర్తించింది. రోజు విడిచి రోజు వస్తే తృతీయకం, రెండు రోజులు విడిచి వస్తే చతుర్థకం అంది. వైవాక్స్ మలేరియా వచ్చే తీరు ఇంచుమించు తృతీయకమే. వణుకుతో మొదలై, ఒళ్లు కాలి, చెమట పట్టి దిగిపోతుంది. మర్నాడు మనిషి లేచి పనికి పోతాడు. టైఫాయిడ్ అలా కాదు. రోజుకో మెట్టు చొప్పున వారం పాటు పెరుగుతుంది, పూర్తిగా దిగదు. తలనొప్పి, కడుపునొప్పి, నాలుక మీద తెల్లటి పూత, మలబద్ధకమో విరేచనాలో తోడవుతాయి. పుస్తకంలో చదివితే ఇంత తేలిక. కానీ ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా ఈ కాలపట్టికను పాటించదు. జ్వరం మాత్ర ఒకటి వేసుకుంటే టైఫాయిడ్ కూడా దిగినట్టే కనిపిస్తుంది.

డాక్టర్లూ తడబడ్డారు. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం నాటి సైనిక వైద్యుడు జోసెఫ్ వుడ్‌వర్డ్ ఈ రెంటినీ కలిపి 'టైఫో మలేరియల్' జ్వరం అని పేరే పెట్టాడు. ఆ పేరు దశాబ్దాల పాటు చెలామణి అయింది. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాక కూడా అది వెంటనే పోలేదు. ఇక మన పత్రికలూ తక్కువ తినలేదు. ఏజెన్సీలో ఏ రోగంతో జనం మంచం పట్టినా 'విషజ్వరాలు' అన్న ఒక్క శీర్షికతో సరిపెడతాయి.

బాంబూఫ్లాట్‌లో మూడో అనుమానం కూడా పడాలి. 1980ల చివర్లో అండమాన్‌లో జ్వరంతో, దగ్గుతో రక్తం కక్కి మనుషులు చనిపోయారు. 'అండమాన్ హెమరేజిక్ ఫీవర్' అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990ల్లో తేలింది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన బురదనీటితో సోకే రోగమిది. పిక్కలు పట్టేస్తాయి, కళ్లు ఎర్రబడతాయి. పొలంలో దిగినవాడు ఒళ్లునొప్పులనుకుంటాడు. సకాలంలో డాక్సీసైక్లినో పెన్సిలినో పడితే నయమయ్యే రోగం, ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో రక్తం కారుస్తుంది.

ఇంతకీ ఆకులో పసరు లేదా? ఉంది. మలేరియా మీద మనిషి గెలిచిన రెండు పెద్ద పోరాటాలూ మొక్కలతోనే. సింకోనా బెరడు క్వినైన్ ఇచ్చింది. చైనా శాస్త్రవేత్త తు యూయూ నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో కనిపెట్టిన సూచనతో ఆర్టిమీసియా నుంచి మందు తీశారు. ఆకును కాచవద్దు, చల్లటి నీటిలో నానబెట్టి పిండాలన్నదే ఆ సూచన. కాస్తే మందు పాడవుతుంది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. కషాయం కాచడమే అన్నిటికీ మార్గమనుకునేవారు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇది. అండమాన్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం కూడా నికోబారీలు, కరెన్లు వాడే మొక్కలను మలేరియా క్రిమి మీద పరీక్షించింది. కొన్ని పనిచేశాయి, అయితే గాజు గొట్టంలో. నేలవేము సంగతీ అంతే. ప్రయోగశాలలో ఆశ చూపింది, రోగి రక్తంలో మలేరియాను పూర్తిగా తుడిచిపెడుతుందన్న నిరూపణ లేదు. టైఫాయిడ్‌కైతే మొక్క నుంచి అలాంటి మందే రాలేదు. 1948లో దాన్ని లొంగదీసిన క్లోరాంఫెనికాల్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది.

అసలు ప్రమాదం కషాయంలో విషం ఉందని కాదు, అది పనిచేసినట్టు కనిపించడం. వైవాక్స్ ఎలాగూ మర్నాడు దిగుతుంది, ఆ ఘనత నేలవేముకు పోతుంది. ఈలోగా ఫాల్సిపారం అయితే రెండు మూడు రోజుల్లోనే మెదడుకెక్కవచ్చు. టైఫాయిడ్ అయితే మూడో వారానికి పేగుకు చిల్లు పడవచ్చు. పెద్దలు చెప్పే పథ్యం, గంజి, విశ్రాంతి మాత్రం రెండింటిలోనూ మేలే. లంఖణం ఒక్కటే పనికిరాదు.

దేశంలో మలేరియా బాగా తగ్గింది. 2015లో సుమారు 11.7 లక్షల కేసులు నమోదైతే 2023లో 2.27 లక్షలు. ఇది మంచి వార్తే, కానీ దాని వెనుకే మరో చిక్కు. అరుదైన రోగాన్ని ఎవరూ మొదట అనుమానించరు. 'వైడాల్ పాజిటివ్' చీటీ పట్టుకొని టైఫాయిడ్ అనుకున్నవారిలో మలేరియా రోగులూ ఉంటారు. మలేరియా ఉన్నా వైడాల్ పొరపాటు ఫలితం చూపించగలదు మరి. మొదటి వారంలో టైఫాయిడ్‌ను నమ్మకంగా పట్టిచ్చేది రక్తపు కల్చర్. మలేరియాకు వేలి మీద ఒక చుక్క చాలు, పట్టీ మీద ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఆ పరీక్ష ఉచితం.

వైవాక్స్ అని తేలితే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు. మూడో రోజుకే లేచి తిరిగేవాళ్లు మిగతా మాత్రలను అటకెక్కిస్తారు. కాలేయంలో నక్కిన పరాన్నజీవి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అప్పుడు మళ్లీ నేలవేము కోస్తారు.