కారు మరమ్మతులో మోసపోయారా? జాబ్ కార్డు నుంచి జిల్లా కమిషన్ వరకు చట్టం చెప్పేది ఇదీ

భిలాయ్: ఉక్కు కర్మాగారంలో ఒక యంత్రాన్ని విప్పాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి. ఏ భాగాన్ని విప్పుతున్నారు, బాధ్యత ఎవరిది, తిరిగి ఎప్పుడు అప్పగిస్తారు అన్న వివరాలు నమోదైన తరువాతే పని మొదలవుతుంది. అదే కర్మాగారంలో పనిచేసే ఉద్యోగి సొంత కారును మరమ్మతుకు ఇచ్చేటప్పుడు మాత్రం తాళం మెకానిక్ చేతిలో పెట్టి, ‘ఏమేం చేయాలో చూసి చేసేయండి’ అని వెనుదిరగడం పరిపాటి. గ్యారేజీ బిల్లుపై తరువాత వివాదం తలెత్తితే యజమాని వాదన బలహీనపడేది ఆ ఒక్క మాట వల్లనే.

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న భిలాయ్‌కి ఉపాధి కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు నడుస్తున్నా, పెళ్లిళ్లకు, పండుగలకు కుటుంబమంతా కారులో స్వస్థలానికి బయలుదేరడం మానలేదు. విశాఖ వరకు ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. దానికి ముందు కారును ఒకసారి చూపించడం వివేకమే. అయితే రెండు రోజుల్లో బయలుదేరవలసినవాడు బేరమాడే స్థితిలో ఉండడు. నిజాయతీ లేని గ్యారేజీకి అనుకూలించేది ఆ తొందరే. వీలైతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే కారును చూపించడం మేలు.

మోసం ఎక్కడ జరుగుతుంది?

కారు మరమ్మతులో మోసం చాలా సందర్భాల్లో అబద్ధంతో మొదలుకాదు. సగం నిజంతో మొదలవుతుంది. బ్రేక్ ప్యాడ్ అరిగిన మాట వాస్తవమే కావచ్చు. కానీ ఎంత అరిగింది అన్నదే ప్రశ్న. కొత్త ప్యాడ్ మందం సాధారణంగా పది మిల్లీమీటర్ల పైమాటే. మూడు మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చినప్పుడు మార్చడం వాడుకలో ఉన్న పద్ధతి. ‘అరిగిపోయింది’ అనే మాటకు బదులు ‘ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది, చూపించండి’ అని అడిగితే సంభాషణ స్వరూపమే మారిపోతుంది.

ఇంజన్ హెచ్చరిక దీపం విషయమూ ఇటువంటిదే. బీఎస్-6 కార్లలో స్కానర్ పెడితే లోపాన్ని సూచించే కోడ్ కనిపిస్తుంది. ఆ కోడ్ ఒక సర్క్యూట్‌లో అసాధారణ స్థితి ఉందని మాత్రమే చెబుతుంది. ఫలానా సెన్సర్ చెడిపోయిందని నిర్ధారించదు. ఆక్సిజన్ సెన్సర్‌ను సూచించే కోడ్ తెగిన తీగ వల్లనో, పొగగొట్టంలోని లీకు వల్లనో కూడా రావచ్చు. పరీక్షించకుండా నేరుగా ఖరీదైన సెన్సర్ మార్చమనే మెకానిక్‌ను, మరమ్మతుకు ముందు, తరువాత కోడ్‌లను ఫోటో తీసి ఇమ్మని కోరడంలో తప్పేమీ లేదు.

ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ వాసన పోగొట్టే స్ప్రే వంటివి అధీకృత వర్క్‌షాపుల బిల్లుల్లో సైతం తరచూ కనిపించే అదనపు వడ్డనలు. వీటిలో కొన్ని కొన్ని కార్లకు అవసరమే కావచ్చు. కారుతో వచ్చిన యజమాని పుస్తకంలోని సర్వీసు పట్టికలో అవి ఉన్నాయో లేదో చూడటం తేలికైన పరీక్ష. ఆ పట్టికలో లేని పనికి కారణం చెప్పవలసిన బాధ్యత గ్యారేజీదే.

ఇక మార్చని భాగాన్ని మార్చినట్లు రాయడం, పాత భాగాన్ని కడిగి బిగించడం, నకిలీ సరుకును కంపెనీ సరుకుగా అమ్మడం అసలైన మోసాలు. వీటికి విరుగుడు పాత భాగాన్ని, కొత్త భాగం వచ్చిన డబ్బాను తిరిగి అడగడం. ప్యాకేజీ సరుకుకు వర్తించే తూనికలు కొలతల నిబంధనల ప్రకారం డబ్బాపై తయారీదారు పేరు, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. ఆ ధరను మించి వసూలు చేయరాదు. ఇంజన్ ఆయిల్ డబ్బా సీలు మీ ఎదుట విప్పమని చెప్పడం కూడా ఈ కోవలోనిదే. పాత భాగాలు కావాలన్న మాట పని ముగిశాక చెబితే ‘చెత్తలో పడేశాం’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. అందుకే దానిని జాబ్ కార్డుపై ముందే రాయించాలి.

జాబ్ కార్డు అంటే గ్యారేజీ తన సౌకర్యం కోసం రాసుకునే చీటీ అని చాలామంది భావన. నిజానికి అది ఇరుపక్షాల మధ్య ఒప్పంద పత్రం. మీరు చెప్పిన లక్షణం, ఓడోమీటర్ అంకె, ఇంధనం ఎంత ఉన్నది, కారుపై ముందే ఉన్న గీతలు, అంచనా వ్యయం, అప్పగించే తేదీ అందులో ఉండాలి. ‘ఈ మొత్తం దాటితే ఫోన్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి’ అన్న ఒక్క వాక్యం చేర్చి ఒక ప్రతి తీసుకుంటే సగం తగాదాలు పుట్టవు. నందిని రోడ్డులోనో, సుపేలాలోనో రేకుల షెడ్డులో పనిచేసే చిన్న మెకానిక్ దగ్గర జాబ్ కార్డు ఉండకపోవచ్చు. అప్పుడు అవే వివరాలను వాట్సాప్ సందేశంగా పంపి, ‘సరే’ అన్న జవాబు తీసుకుంటే చాలు. చిన్న షెడ్డు అంటే మోసమని, అద్దాల షోరూము అంటే నిజాయతీ అని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే

‘బిల్లు లేకుండా అయితే పన్ను తప్పుతుంది’ అన్న ప్రతిపాదనకు అంగీకరించడం వినియోగదారుడు చేజేతులా సాక్ష్యాన్ని వదులుకోవడమే. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 బిల్లు లేదా రసీదు ఇవ్వకపోవడాన్ని అనుచిత వాణిజ్య పద్ధతిగా పేర్కొంటున్నది. లోపభూయిష్టమైన సేవకు బిల్లులో రాసిన గడువులోగా, అటువంటి గడువు లేకుంటే 30 రోజుల్లోగా డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అదే జాబితాలో ఉంది.

బిల్లులో జీఎస్టీ వసూలు చేస్తే 15 అక్షరాంకెల రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో నమోదైన సంస్థకు అది 22తో మొదలవుతుంది. ఆ సంఖ్య నిజమైనదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. రిజిస్ట్రేషన్ లేని గ్యారేజీ జీఎస్టీ పేరిట ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటిపై పన్ను 18 శాతమే. ఇప్పటికీ 28 శాతం వేసిన బిల్లు కనిపిస్తే ప్రశ్నించవలసిందే.

‘బయట చేయిస్తే వారంటీ పోతుంది’ అనే బెదిరింపుతో అధీకృత వర్క్‌షాపులు అధిక ధరలకు ఒప్పించడం మరొక రివాజు. ఈ అంశంపై భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల తయారీ సంస్థలపై దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. స్వతంత్ర గ్యారేజీకి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతు పెట్టరాదని, బయటి మరమ్మతు లోపం వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని అందులో ఆదేశించింది. ఆ జరిమానాలపై అప్పీళ్లు నడిచినా, ‘మొత్తం వారంటీ పోతుంది’ అన్న మాటను రాసి ఇమ్మని కోరే ధైర్యాన్ని ఆ ఉత్తర్వు వినియోగదారుడికి ఇచ్చింది.

కారు ఆపేస్తే ఏం చేయాలి?

బిల్లు ఎక్కువైందని ప్రశ్నించగానే ‘డబ్బు కట్టి బండి తీసుకెళ్లండి’ అంటారు. ఇక్కడ చట్టం కొంతమేరకు గ్యారేజీ పక్షాన ఉన్న సంగతి గుర్తించాలి. భారత కాంట్రాక్టు చట్టం-1872లోని 170వ సెక్షన్ ప్రకారం, వస్తువుపై శ్రమ, నైపుణ్యం వెచ్చించిన వ్యక్తి తనకు రావలసిన ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తన వద్ద ఉంచుకోవచ్చు. అయితే ఈ హక్కు ఒప్పందం ప్రకారం ఆ వస్తువుపై చేసిన పనికే పరిమితం. మీ రెండో కారు పాత బాకీ కోసమో, నిరుడు ఎగ్గొట్టారని చెబుతున్న సొమ్ము కోసమో ఈ కారును ఆపే అధికారం మెకానిక్‌కు సాధారణంగా ఉండదు.

కాబట్టి అరిచి గొడవపడటం కంటే, ‘ఈ మొత్తంలో ఫలానా పద్దులను నేను అంగీకరించడం లేదు, నిరసనతో చెల్లిస్తున్నాను’ అని బిల్లుపైనో, సందేశంలోనో రాసి, బ్యాంకు ద్వారా చెల్లించి కారు తీసుకోవడం ఉత్తమం. అలా చెల్లించడం బిల్లును ఒప్పుకోవడం కాదు. కోపంతో కారును నెలల తరబడి అక్కడే వదిలేస్తే బ్యాటరీ, టైర్లు పాడై, పార్కింగ్ రుసుము పేరిట కొత్త వివాదం పుట్టుకొస్తుంది.

గ్యారేజీలో ఉండగా కారు దెబ్బతిన్నా, చోరీకి గురైనా ‘వాహనం యజమాని బాధ్యతపైనే’ అని గోడమీద రాసిన హెచ్చరిక సర్వరోగ నివారిణి కాదు. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో వాలే పార్కింగ్‌కు అప్పగించిన కారు చోరీ అయిన కేసులో సుప్రీంకోర్టు 2019 నవంబరులో దీనిపై స్పష్టత ఇచ్చింది. తాళంతో సహా వాహనాన్ని స్వీకరించిన వారు తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించకుండా అటువంటి షరతు వెనుక దాక్కోలేరని పేర్కొన్నది. తాళం తీసుకునే గ్యారేజీకీ ఈ తర్కం అన్వయిస్తుంది.

ప్రమాదానంతరం బీమాతో చేయించే మరమ్మతులో మరో మెలిక ఉంది. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం తరుగుదల కింద యజమానే భరించాలి. ‘ఎలాగూ బీమా ఇస్తుంది’ అని అవసరం లేని బంపర్‌ను మార్పిస్తే సగం బిల్లు మీదే అవుతుంది, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

ఫిర్యాదు ఎక్కడ?

మొదట గ్యారేజీ యజమానికి, అధీకృత వర్క్‌షాపు అయితే తయారీ సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలపాలి. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇది తెలుగు సహా 17 భాషల్లో సేవలందిస్తున్నది. హెల్ప్‌లైన్ రాజీకి ప్రయత్నిస్తుందే తప్ప తీర్పు చెప్పదు.

తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. భిలాయ్‌వాసులకు అది దుర్గ్‌లో ఉంది. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలలోపు అయితే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. అంటే మామూలు గ్యారేజీ వివాదానికి ఫీజు కట్టనవసరం లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. 2025 జనవరి 1న ప్రారంభమైన ఇ-జాగృతి వేదిక ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

2019 చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఒకటి ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటి కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. విజయనగరం దగ్గర దారిలో కారు ఆగిపోయి అక్కడి గ్యారేజీలో మోసపోయిన భిలాయ్ ఉద్యోగి దుర్గ్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పదవీ విరమణ చేసి శ్రీకాకుళంలో స్థిరపడిన వ్యక్తి, భిలాయ్‌లో జరిగిన మరమ్మతుపై శ్రీకాకుళంలోనే కేసు నడుపుకోవచ్చు. కారును వ్యాపారానికి వాడే సంస్థలకు మాత్రం ఈ చట్టం సాధారణంగా వర్తించదు. స్వయం ఉపాధి కోసం సొంతంగా టాక్సీ నడుపుకునేవారికి వర్తిస్తుంది.

కమిషన్ ముందు ఎక్కువ కేసులు నీరుగారేది సాంకేతిక సాక్ష్యం లేకపోవడం వల్ల. ‘కారు బాగా నడవడం లేదు’ అన్న ప్రమాణపత్రం చాలదు. మరో గ్యారేజీలో విప్పించే ముందు మొదటి గ్యారేజీకి తేదీ చెప్పి రమ్మని నోటీసు ఇవ్వాలి. రాకపోతే ఆ సంగతి రాసి, ఫోటోలతో సహా మెకానిక్ నివేదిక తీసుకోవాలి. అలా చేయకుండా విప్పితే, లోపం రెండో మెకానిక్ వల్ల వచ్చిందని మొదటివాడు వాదించడానికి దారి దొరుకుతుంది.

చట్టం నిర్దేశించిన గడువు మూడు నెలలు, పరీక్షలు అవసరమైతే ఐదు నెలలు. ఆచరణలో ఈ గడువులు తరచూ దాటిపోతుంటాయి. తీర్పుపై గ్యారేజీ 45 రోజుల్లోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు గానీ, చెల్లించమన్న సొమ్ములో సగం ముందుగా డిపాజిట్ చేయాలి. ఉత్తర్వును పాటించని పక్షంలో నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే అధికారం కమిషన్‌కు ఉంది.